పదో విడతలో ఎంత మిగిలింది?



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల పిల్లలు. ధర పడిపోతే చీనీకాయలు, అరటి గెలలు తోటలోనే మాగిపోవడం చూసినవాళ్ళు. రసం తీసి అమ్మొచ్చు కదా అంటారు ఊళ్ళో పెద్దలు. అరటిపండు పిండితే గుజ్జు వస్తుంది గానీ రసం రాదు. అందులోని పెక్టిన్ దానికి ఒక ముఖ్య కారణం. పెక్టినేజ్ అనే ఎంజైమ్ ఆ పెక్టిన్‌ను తుంచి రసాన్ని తేటపరుస్తుంది. కానీ రసంలో కలిపిన ఎంజైమ్ తిరిగి చేతికి రాదు. ప్రతి విడతకూ కొత్తగా కొనాల్సిందే.

అందుకే దాన్ని ఏదో ఒక ఆధారానికి కట్టిపడేస్తారు. బొగ్గుకు అంటుకున్న ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ కూడా చక్కెరను విడగొడుతుందని 1916లోనే నెల్సన్, గ్రిఫిన్ చూపించారు. 1969లో జపాన్‌లో చిబాతా బృందం డెక్స్‌ట్రాన్‌తో చేసిన ఆధారం మీద ఎంజైమ్‌ను నిలిపి, అమైనో ఆమ్లాలను ఫ్యాక్టరీ స్థాయిలో తయారుచేసింది.

మన ల్యాబుల్లో అందరికీ ఇష్టమైన ఆధారం సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్. ఎంజైమ్ కలిపిన ద్రావణాన్ని కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వదిలితే ఉడికిన సగ్గుబియ్యంలా పూసలు కడతాయి. ఆ పూసల ఫొటో లేని ప్రాజెక్టు రిపోర్టు అరుదు! అయితే పెక్టిన్ పెద్ద అణువు, పూస లోపలికి సరిగా దూరదు. లోపలి ఎంజైమ్ ఖాళీగా కూర్చుంటుంది, కొంత బయటికి కారిపోతుంది కూడా. రొయ్యపెంకుల నుంచి తీసే కైటోసాన్ పైపొరకు ఎంజైమ్‌ను అతికిస్తే మేలే. కానీ కైటోసాన్ ఆమ్లంలో కరుగుతుంది, చీనీ రసమేమో పులుపు. గ్లూటరాల్డిహైడ్‌తో గట్టిపరిస్తే నిలుస్తుంది. కానీ గ్లూటరాల్డిహైడ్ విషపదార్థం, తినే వస్తువులోకి చేరకూడదు. గార్డీనియా కాయల నుంచి వచ్చే జెనిపిన్ అంత ప్రమాదకరం కాదు, ఖరీదు మాత్రం ఎక్కువ.

అసలు రసంలో కాకుండా బఫర్ ద్రావణంలో పరీక్షిస్తే ఈ చిక్కులు చాలావరకు బయటపడవు. మొదటి రోజు చురుకుదనం చూసి మురిసిపోయే పరిశోధన మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన షెడ్డులో, పదో విడత రసం తేటపరిచాక ఎంజైమ్‌లో ఎంత చురుకుదనం మిగిలిందన్నదే రైతుకు కావాలి.

పై చదువుకు వెళ్ళినా, ఉద్యోగంలో చేరినా, మీ ఊరి తోట నుంచి ఒక బుట్ట కాయలు ల్యాబుకు తెచ్చి ఆ లెక్క తీయండి. ఫలితం బాగాలేకపోతే, దాన్నీ ఉన్నదున్నట్టు రాయండి.