ఇంటి గుట్టు, చేతి ఫోను



రాయగడ, కోరాపుట్‌లలోని మన తెలుగువారం పెండ్లి సంబంధాల కోసం పిల్లల పేర్లు, నక్షత్రాలు, గోత్రాలు, ఫోను నంబర్లు వాట్సాప్ గుంపులలో పెడుతున్నాము. గుంపులో చేరిన ప్రతివారికీ తక్కినవారి నంబర్లు కనిపిస్తాయి. రాసిన మాటలకు తాళం వున్నమాట నిజమే. కాని మన నంబరు, గుంపు పేరు, వాడిన వేళలు కంపెనీకి చేరతాయి. 2021 జనవరిలో ఆ కంపెనీ కొత్త షరతులు ప్రకటించగానే దేశంలో చాలామంది సిగ్నల్‌కు తరలిపోయారు. అది లాభం కోసం నడిచేది కాదు. దాని ప్రోగ్రామును తెలిసినవారెవరైనా చదివి చూడవచ్చు. 2024 నుంచి నంబరు చూపకుండానే దానిలో మాట్లాడుకోవచ్చు.

మాస్టొడాన్ అని మరొకటి 2016లో జర్మనీలో పుట్టింది. దానికి ఒకే యజమాని లేడు. రైలువాళ్ళం గనుక మాకు తోచిన పోలిక చెబుతాము. పూర్వం మన రాయగడ లైను బెంగాల్ నాగపూర్ రైల్వేది. వాల్తేరు దాటితే మద్రాసు సదరన్ మరాఠా రైల్వేది. కంపెనీలు వేరైనా వ్యాగన్లు అటూ యిటూ పోయేవి. అలాగే యే సర్వరులో పేరు రాయించుకున్నా తక్కిన సర్వర్లవారితో మాట్లాడవచ్చు. అద్దె కట్టి, తెలిసిన మనిషిని పెట్టుకుంటే మన సంఘమే ఒక సర్వరు నడుపుకోవచ్చు. సభల ప్రకటనలకు, పండుగ కబుర్లకు అది బాగుంటుంది. చాటుమాటలకు మాత్రం పనికిరాదు, సర్వరు నడిపేవాడు వాటిని చదవగలడు!

అంచేత పెండ్లి వివరాలు కార్యదర్శిగారి పుస్తకంలోనే వుండాలని మా ప్రతిపాదన. అడిగిన తల్లిదండ్రులకు మాత్రమే, అదీ పిల్ల సమ్మతిస్తేనే, సిగ్నల్‌లో పంపాలి. ఆంతరంగికత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురూ 2017లో యేకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ హక్కు మన ఆడపిల్లలకూ వున్నది గదా! యీ సభలోనే పెద్దలు తేల్చవలసిందని కోరుతున్నాము.