పెరటి రేగుచెట్టు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పెరటిలో ప్లమ్ చెట్టు పెంచవలెనని కోరువారు ఈ దినములలో పల్లెలలోను కనబడుచున్నారు. మొక్కల బండి వచ్చినపుడు రంగుల బొమ్మ చూచి రూపాయలు పోసి కొనుచున్నారు. అది చలిదేశపు చెట్టు. అంగడిలో ఆలూబుఖారా యను పేర ఎండబెట్టి అమ్మునది దాని పండే. శీతకాలమున ఆకు రాల్చి, వారముల తరబడి గట్టి చలి తగిలినగాని దాని మొగ్గ సరిగా విచ్చదు. కాశ్మీరము, హిమాచల్ ప్రదేశ్, దక్షిణమున నీలగిరులు దానికి తగిన చోట్లు. జనగామ చెల్కలలోగాని, మహబూబాబాద్ పొలములలోగాని, భూపాలపల్లి అడవి అంచునగాని అంతటి చలి యెక్కడిది? మొక్క బ్రతికినను కాపునకు రాదు.

అయితే ఆంగ్లేయులు ‘ఇండియన్ ప్లమ్’ అని పేరిడిన చెట్టొకటి ఈ నేలమీదనే కలదు. అది రేగు. ఇచటివారు రేనుచెట్టని కూడ అందురు. నేరేడునకును వారు ప్లమ్ పేరే తగిలించిరి గాని, చిన్న పెరటికి నేరేడు మిక్కిలి పెద్ద చెట్టు. కావున రేగునే విచారింతము.

అమరసింహుడు దీనికి కర్కంధువు, బదరి, కోలి అను పేర్లు చెప్పెను. వైద్యుల తూనికలలో ‘కోల’మనగా కర్షములో సగము, రేగుపండు పేరే తూకపురాయి అయినదన్నమాట. భాగవతము ప్రథమ స్కంధమున సరస్వతీ తీరమందలి వ్యాసుని ఆశ్రమము రేగుచెట్ల గుంపుతో అలంకృతమైనదని వర్ణింపబడినది. ఆ భాగవతమును తెనిగించిన పోతన జనగామ జిల్లాలోని బమ్మెరవాడని ప్రసిద్ధి. శబరి రామునకు రేగుపండ్లు పెట్టెనని లోకము చెప్పుకొనును గాని, వాల్మీకి మాత్రము అడవిలో దొరకు పలువిధములైన ఫలములనియే చెప్పెను, రేగు పేరెత్తలేదు. ఇక బాదరాయణ సంబంధపు కథ యెల్లరెరిగినదే. ఒక బాటసారి ఒక గృహస్థుని యింట బంధువువలె తిష్ఠవేసి, మన చుట్టరికమేమని అడుగగా, మీ పెరటిలో రేగుచెట్టు, మా బండికి రేగుకర్ర చక్రము, అదియే చుట్టరికమనెనట! నవ్వులకు చెప్పిన కథయైనను, పూర్వము పెరటిలో రేగుచెట్టుండుట ఎంత సామాన్యమో దానివలన తెలియుచున్నది.

నేడు ఆ చెట్టే పోవుచున్నది. క్రొత్త యిల్లు కట్టి ప్రహరీ లేపునపుడు మొదట గొడ్డలివేటు రేగునకే. ముండ్లున్నవి, కాయ పులుపు, ఆకు రాలి వాకిలి పాడగుచున్నదని కారణములు చెప్పుదురు. ముండ్లు నిజమే, పులుపును నిజమే. కాని బోరు ఎండిన యేట బత్తాయిచెట్టు వడలిపోవును, రేగు వడలదు. దాని తల్లివేరు నేలలో బహు లోతునకు దిగును. ఎండలు ముదిరిన కాలమున ఆకు రాల్చి తన్ను తాను కాపాడుకొనును. దాని పండులో ఆపిల్ పండుకంటె ‘సి’ విటమిను అనేక రెట్లు అధికము. కొని తినలేని యింటి పిల్లలకు ఆ విటమిను చేర్చుచుండినది ఆ ముండ్లచెట్టే. కొమ్మలు కంచెకు, ఆకు మేకలకు అన్నది వేరే లెక్క.

పులుపు రేగును తీపి రేగుగా మార్చు ఉపాయము అంటు. చెట్టును నరకవలసిన పనియే లేదు. మే నెలలో మొద్దును నేలనుండి మూడడుగుల ఎత్తున కోయవలెను. వానలకు దానినుండి చిగుళ్ళు గుంపుగా వచ్చును. బలమైన మూడు నాలుగు ఉంచి తక్కినవి తీసివేయవలెను. అవి పెన్సిలు లావు కాగానే జూలై, ఆగస్టు నెలలలో మేలు జాతి చెట్టునుండి తెచ్చిన కన్నును బెరడు చీల్చి అందులో దూర్చి, కన్ను మాత్రము బయట కనబడునట్లు పట్టీ చుట్టవలెను. కన్ను పచ్చగా నిలిచి చిగిర్చిన తరువాత దాని పైభాగమును కోయవలెను. ఇచట పలువురు పొరబడు విషయమొకటి కలదు. అంటునకు దిగువనుండి వచ్చు ప్రతి చిగురును గిల్లివేయవలెను. జాలిపడి విడిచినచో పాత పులుపు జాతియే పైకి లేచి అంటును చంపును.

చెట్టు లేనివారు గింజనుండి మొదలిడవచ్చును. నీటిలో తేలు గింజలు పారవేసి, మునిగినవాని పెంకు మెల్లగా పగులగొట్టి నాటినచో వారము పదిదినములలో మొలకెత్తును. పెంకుతోనే నాటినచో నెల పట్టవచ్చును. నిలుచుచోటనే నాటుట మేలు, ఏలయన తల్లివేరు తెగినచో రేగు త్వరగా కోలుకొనదు. రెండడుగుల గొయ్యిలో రెండు తట్టల చివికిన పశువుల ఎరువు చాలును. చెట్టుకు చెట్టుకు 20 అడుగుల ఎడముండవలెను. గుంట భూమి 1,089 చదరపు అడుగులు. చెట్టొకటికి 400 అడుగులు పోగా గుంటకు రెండు చెట్లు సుఖముగ పట్టును. మూడవది పెట్టినవాడు మూడింటిని చెరచును. జాతులలో గోలా ముందుగా కాయును, ఉమ్రాన్ ఆలస్యముగ కాయును గాని పెద్ద కాయ. ఆపిల్ రేగని ఇటీవల వచ్చినది కాయ పెద్దది, నీరు మెండు. రుచి మాత్రము పాతవాని యంత లేదని తిన్నవారి మాట.

కత్తిరింపు అన్నింటికంటె ముఖ్యము. రేగు ఆ యేటి క్రొత్త కొమ్మమీదనే పూచును. కావున యేటేట ఏప్రిల్, మే నెలలలో, ఆకు రాలి చెట్టు విశ్రాంతిగ నున్నపుడు, గతసంవత్సరపు కొమ్మలను సుమారు సగమునకు కోసి, నేల తాకువానిని, ఒకదానినొకటి రాయువానిని తీసివేయవలెను. చెట్టు బోడిదైనదని ఇంటిలో ఆడవారు కోపింతురు. వానలు పడిన నెలకు ఆ కోపము తీరును. కత్తిరించని చెట్టుకు ఆకు మెండు, కాయ చిన్నది.

వేసవిలో నీరు పోయరాదు. పిందె కట్టినది మొదలు కాయ ఊరువరకు, అనగా అక్టోబరునుండి డిసెంబరువరకు, రెండు మూడు తడులిచ్చిన పిందె రాలదు. పండు మాగునపుడు మరల నీరు ఆపవలెను.

శత్రువులు ముఖ్యముగ ఇద్దరు. మంచు, తేమగల రోజులలో ఆకులమీద, పిందెలమీద తెల్లని బూడిద కనబడును. నీటిలో కరగు గంధకము లీటరునకు 3 గ్రాముల చొప్పున చల్లినచో అణగును. రెండవది పండు ఈగ. లేతకాయలో గ్రుడ్డు పెట్టును, పురుగు గింజచుట్టు గుజ్జు తిని కాయతో నేలరాలి మట్టిలో దాగును. రాలినవానిని ఏనాటివానిని ఆనాడే ఏరి నాశము చేయవలెను, వేసవిలో చెట్టుక్రింది మట్టి త్రవ్వి ఎండకు పెట్టవలెను. ఈ ఈగకు ఎల్లలు లేవు. ఒక పెరటివాడు ఏరి, ప్రక్కవాడు ఏరకున్నచో ప్రయోజనము సగమే. కావున వీథివారందరు కూడి చేయవలసిన పని యిది.

కాయ ఆకుపచ్చ విడిచి పసుపు తిరిగినపుడే కోయవలెను. పచ్చికాయ కోసి దాచినను తీపి రాదు. అన్నియు ఒకేమారు పండవు గనుక నాలుగైదు మార్లు కోత పడును. సంక్రాంతికి ముందు ముందుజాతుల కాపు అందివచ్చును, భోగినాడు పిల్లల తలలపై పోయుటకు ఇంటిపండ్లే దొరకును. రథసప్తమినాడు జిల్లేడాకుతో తలపై పెట్టుకొనుటకును అవియే. మిగిలిన పండ్లను ఉప్పు, మిరపకాయ, జీలకర్ర, బెల్లములతో రోటిలో గింజ చితుకకుండ దంచి, బిళ్ళలుగ తట్టి మూడు నాలుగు దినములు గట్టియెండలో పెట్టిన వడియములు వేసవి అంతయు నిలుచును. తడిచెయ్యి తగులనీయరాదు.