నవీకరణమున పోయిన రేడియో



ఇంటిపై పెంకులు జాఱినవని మనము పనివానిని పిలిచితిమనుకొనుడు. అతడు వచ్చి పెంకులు సర్ది, వాన కాఱకుండ చేసి, పోవుచు పోవుచు వీధి అరుగును పడగొట్టి పోయెను. ఇదేమని యడుగగా, “అరుగులపై కూర్చుండువారు తగ్గిరి; క్రొత్త యిండ్లకు అరుగులు లేవు” అని బదులు చెప్పెను. కప్పు బాగుపడినందుకు అతనికి కూలి యిచ్చితిమి. అరుగు పోయినందుకు ఎవరితో మొఱపెట్టుకొందుము? నేటి నా ప్రసంగవిషయ మిట్టిదే. కాని నేను చెప్పబోవునది యింటిని గూర్చి కాదు. మన జేబులలో నుండు సెల్‌ఫోనును గూర్చి.

ఫోనులో రెండంశములు కలవు. కంటికి కనబడు యంత్ర మొకటి. కంటికి కనబడక ఆ యంత్రమును నడపు ఆజ్ఞల సముదాయ మొకటి. ఈ రెండవదానిని సాఫ్ట్‌వేరు అందురు. యంత్రమును మనము వెలయిచ్చి కొని యింటికి తెచ్చుకొందుము. ఆజ్ఞలపై పెత్తనము మాత్రము తయారుచేసినవాని చేతనే యుండును. అతడెక్కడనో యుండి వానిని మార్చగలడు, కూర్చగలడు, తొలగింపగలడు. ఇట్టి మార్పునకు అప్‌డేటు అని వ్యవహారము. మనము నవీకరణ మందము.

నవీకరణము స్వభావముచేత చెడ్డది కాదు. దొంగలు దూఱుటకు వీలైన కంతలు సాఫ్ట్‌వేరునందు నిత్యము బయటపడుచుండును. వానిని పూడ్చుటకే పెక్కు నవీకరణములు వచ్చుచున్నవి. బ్యాంకులోని సొమ్మును ఫోనుద్వారా నడుపుకొనుచున్న యీ కాలమున, ఆ కంతలను పూడ్చకుండుట తలుపు తీసి నిద్రించుటతో సమానము. అందుచేత నేను నవీకరణములను నిందింపను. రక్షణ యను పేర వచ్చి, రక్షణకు సంబంధింపని సౌకర్యమును కూడ కొనిపోవు పద్ధతిని గూర్చియే నా యభ్యంతరము.

నాకు జరిగినది చెప్పెదను. నా ఫోనులో ఎఫ్.ఎం. రేడియో యుండెడిది. చెవులకు తగిలించు తీగయే దానికి ఆకాశతంత్రి. రోజువాడుకకు ఇంటర్నెట్టు అక్కఱ లేదు, రొక్కము ఖర్చు లేదు. వార్తలు, వ్యవసాయదారుల కార్యక్రమము, పాతపాటలు దానియందే వినుచుంటిని. ఒకనాటి రాత్రి నవీకరణము వచ్చినది. తెల్లవాఱిన పిమ్మట చూడగా రేడియో గుఱుతు తెఱపై లేదు. అమ్మిన దుకాణమునకు పోగా, “అది పైనుండి తీసివేసినారు, మా చేత లేదు” అనిరి. తయారీదారుల సహాయకేంద్రమునకు ఫోను చేయగా, “మీ ఫోను చక్కగనే యున్నది” అనిరి. పాత సాఫ్ట్‌వేరునకు మరలిపోవు మార్గమును అడిగితిని, లేదనిరి. నా ధనముతో కొన్న వస్తువునుండి యొక భాగము పోయినది. పోవుచున్నదని ముందుగా చెప్పినవారు లేరు. పోయినదని యొప్పుకొన్నవారును లేరు. వస్తువు పోయిన బాధకంటె ఈ మాట నాకు ఎక్కువ బాధ కలిగించినది.

“రేడియో పోయిన నేమి? ఇంటర్నెట్టులో అవే ప్రసారములు వినవచ్చును గదా” అని యువకులు కొందఱు నాతో ననిరి. ఎండకాలమున ఆ మాట నిజమే. మన జిల్లాలో తుఫానుకాలము కూడ కలదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలగూలినవి. వంశధార పొంగి పొలములను ముంచినది. విద్యుత్ స్తంభములు విఱిగి, పెక్కు గ్రామములు దినములకొలది చీకటిలో నుండెను. కరెంటు లేనిచో ఫోను టవర్లు మూగవోవును. టవరు మూగవోయిన, ఇంటర్నెట్టు లేదు, ఫోను పలుకదు, హెచ్చరిక సందేశమును రాదు. అట్టి సమయమున, టవరుతో నిమిత్తము లేక, చాలినంత దగ్గఱలో ప్రసారిణి యొకటి నిలిచియున్న చాలును, మాటను చెవికి చేర్చునది రేడియో యొక్కటే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడును అక్టోబరు మాసముననే వచ్చినవి. ఈ తీరమున రేడియో వేడుకవస్తువు కాదు, తెడ్డువంటిది. తెడ్డు అక్కఱ ప్రతిదినమును రాదని పడవనుండి దానిని తీసివేయుదురా?

ఈ సంగతి నేనొక్కడనే చెప్పుచున్నది కాదు. 2023 ఏప్రిలు మాసమున కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖవారు ఫోనుల తయారీదారుల సంఘములకు ఒక సలహాపత్రము పంపిరి. ఎఫ్.ఎం. రేడియో గల ఫోనులు కొన్ని యేండ్లుగా మిక్కిలి తగ్గిపోవుచున్నవనియు, దానివలన బీదవారికి ఉచిత ప్రసారములు దూరమగుటయే గాక ఆపత్కాలమున ప్రభుత్వపు మాట ప్రజలకు చేరుట కష్టమగుచున్నదనియు అందు తెలిపిరి. రేడియో భాగము గల ఫోనులలో దానిని మూసివేయక తెఱచియుంచవలెననియు, లేనివానియందు చేర్చుట మేలనియు కోరిరి. ఆ నెల 28వ తేదీననే దేశమున 91 ఎఫ్.ఎం. ప్రసారిణులు ఒక్కసారిగా ప్రారంభింపబడెను. పలుకు నోళ్లు పెరుగుచుండగా విను చెవులు మూతపడుచున్నవి! అయితే సలహాపత్రము సలహాయే గాని శాసనము కాదు.

అమెరికాలోను ఈ చర్చ జరిగినది. 2017లో వరుసగా మూడు పెద్ద తుఫానులు ఆ దేశమును పీడింపగా, అచ్చటి ప్రసారనియంత్రణ సంఘాధ్యక్షుడు అజిత్ పాయ్ గారు ఆపిల్ సంస్థ తన ఫోనులలోని రేడియో భాగమును తెఱవవలెనని బహిరంగముగా కోరెను. తమ సరిక్రొత్త ఫోనులలో ఆ భాగమే లేదని ఆ సంస్థ బదులు చెప్పెను. ఒకప్పు డున్నది మూతపడుట మొదటి మెట్టు. మూతపడినది తరువాతి నమూనాలో లేకుండ పోవుట రెండవ మెట్టు.

రేడియో ఒక్కటియే కాదు. జపానుదేశపు సోనీ సంస్థ 2006లో ప్లేస్టేషన్ 3 అను ఆటల యంత్రమును అమ్మెను. కొన్నవాడు కోరినచో దానిని సాధారణ కంప్యూటరుగా కూడ వాడుకొను సౌకర్యము అందుండెను. 2010 ఏప్రిలు 1వ తేదీన వచ్చిన నవీకరణముతో భద్రతాకారణము చెప్పి ఆ సౌకర్యమును తీసివేసిరి. నవీకరణము వలదన్నవారికి ఇంటర్నెట్టుద్వారా ఇతరులతో కలిసి ఆడు అవకాశము పోయెను. అనగా రెండు చేతులలో ఏ చేతిని నఱకుమందువో చెప్పుమన్నట్లు. కొన్నవారు అమెరికా న్యాయస్థానముల కెక్కిరి. ఎనిమిదేండ్ల పిమ్మట, 2018లో, 37,50,000 డాలర్లకు రాజీ కుదిరినది. ఆ సంవత్సరము అక్టోబరులోనే ఇటలీ దేశపు అధికారులు ఆపిల్ సంస్థకు 1 కోటి యూరోలు, శాంసంగ్ సంస్థకు 50 లక్షల యూరోలు జరిమానా విధించిరి. పాతఫోనులవారిచేత క్రొత్తవానికై చేసిన సాఫ్ట్‌వేరును వేయించి, ఫోనులను మందగింపజేసి, వెనుకకు మరలు దారి చూపలేదన్నది నేరము. 2020లో ఫ్రాన్సువారును ఆపిల్ సంస్థకు 2 కోట్ల 50 లక్షల యూరోల జరిమానా వేసిరి. నవీకరణముచేత ఫోను మందగింపవచ్చునని ముందుగా తెలుపకపోవుటయే అచ్చటి తప్పిదము.

తయారీదారుల వాదమును కూడ వినుట న్యాయము. సౌకర్యము ప్రతిదానికిని మరమ్మతు ఖర్చు కలదు. పాతదానిని ఉంచినకొలది కంతలు పెరుగును. నూటికి నలుగురు వాడుదానికై అందఱిపై భారము మోపజాలము అని వారందురు. ఇందు నిజము లేకపోలేదు. కాని వాడువారి సంఖ్య మాత్రమే కొలబద్ద కాజాలదు. తుఫానునాడు రేడియో పెట్టువారెందఱో తుఫాను లేనినాటి లెక్కలు చెప్పవు. మఱియు నలుగురే వాడిరను మాట నిజమైనను, ఆ నలుగురును వెల చెల్లించినవారే గదా!

ఇచ్చట మా యూరి సంగతి కొంత చెప్పుట కవకాశ మిండు. మాది శ్రీముఖలింగము, వంశధార యెడమగట్టున నున్నది. ఇది గంగరాజుల కళింగనగరమని పండితుల నిర్ణయము. మధుకేశ్వరాలయమున రాతిపై పెక్కు శాసనములు కలవు. కొన్ని సంస్కృతము, కొన్ని తెలుగు. వానిలో అనేకములు అఖండదీపములకు చేసిన దానములు. ఇన్ని మాడలు ఇచ్చితిమి, దీపము ఆచంద్రార్కము వెలుగవలెను అన్నది వాని సారాంశము. ఒక దాత శాసనము ప్రక్కన మఱియొక దాత తన శాసనమును చెక్కించుకొనెను. క్రొత్త దీపము పెట్టినవాడు పాతదీపము నార్పలేదు. దానమిచ్చిన వస్తువును మరల తీసికొనుట మన పెద్దల దృష్టిలో మహాపాతకము. అమ్మిన వస్తువును మరల తీసికొనుటకు ఏమి పేరు పెట్టవలెనో తమరే యోచింపుడు.

సాఫ్ట్‌వేరులోకమున ఇట్టి నిష్ఠ అసాధ్యమని యనరాదు. ఉదాహరణము మన లిపియందే కలదు. తొలినాటి తెలుగు శాసనములలో ఴ అను నక్షర ముండెను. పలుకుబడి మాఱుటచేత అది క్రమముగా మఱుగుపడినది. ఎవరును దానిని పెఱికివేయలేదు. వాడుక తనంతట తగ్గినది. అందుచేత ఎవరును దుఃఖింపలేదు. ప్రపంచపు లిపులన్నిటిని కంప్యూటరులకు ఎఱుకపఱచు యూనికోడ్ అను ప్రమాణమున 1991లోనే తెలుగు చేరినది. ఈ మఱుగుపడిన ఴ కు కూడ 2014లో స్థానమిచ్చిరి. అంతకంటె ముఖ్యమైన దేమనగా, ఒకసారి చేర్చిన యక్షరమును ఎన్నటికిని తొలగింపమని ఆ సంస్థవారు నియమము చేసికొనిరి. ఆచంద్రార్కమను మాటను వారెఱుగకపోవచ్చును. దాని భావమును పాటించుచున్నారు. ప్రతి సంవత్సరమును క్రొత్తవానిని చేర్చుచునే యున్నారు. పాతవానిని చెఱుపుట లేదు.

మా యూరికి చేరువనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29వ తేదీన గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మించిరి. ముఖలింగ శాసనములను శ్రమించి చదివినవారాయన. భాషకు ప్రమాణము గ్రంథములలోని నియమము కాదు, జనుల వాడుకయే యని జీవితాంతము వాదించిరి. ఆ వాదమును గూర్చి నేడును భిన్నాభిప్రాయము లుండవచ్చును. నా యీ గ్రాంథికభాషను విన్న నాయన చిఱునవ్వు నవ్వియుందురు. కాని వాడువాని మాటను విచారింపకయే వాడుకను దిద్దరాదన్న న్యాయము భాషకే గాక వస్తువులకును వర్తించును.

ఇప్పుడు చట్టముల మాట. ఐరోపా దేశముల సమాఖ్యవారు 2019లో చేసిన యొక నిర్దేశము 2022 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము అమ్మినవాడు డిజిటల్ వస్తువును మార్చవలెనన్న తగిన కారణము ఒప్పందమున నుండవలెను, కొన్నవానిపై క్రొత్త ఖర్చు పడరాదు, స్పష్టముగా తెలుపవలెను. మార్పుచేత కొన్నవానికి చెప్పుకోదగిన నష్టము కలిగినచో 30 దినములలో ఒప్పందమును రద్దుచేసికొనవచ్చును. మార్పులేని పాతరూపమును ఉంచుకొను అవకాశ మిచ్చినచో అమ్మినవానికి ఆ చిక్కు లేదు. ఇది సమంజసమైన పద్ధతి.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము 2020 జులైనుండి అమలులో నున్నది. నవీకరణమను పేరు అందు లేదు. అయినను అన్యాయపు వ్యాపారపద్ధతి, అన్యాయపు ఒప్పందము అనునవి అందు నిర్వచింపబడినవి. వస్తువు వెల 5 లక్షల రూపాయలలోపు అయినచో జిల్లా కమిషనునందు ఫిర్యాదునకు రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి మొదట సలహా పొందవచ్చును. సౌకర్యమును తీసివేయునప్పుడు ముందుగా తెలుపవలెననియు, భద్రతా నవీకరణమును తక్కిన మార్పులనుండి వేఱుచేసి యీయవలెననియు, మరలిపోవు మార్గ ముంచవలెననియు మన చట్టమునందును ఒక మాట చేరవలసియున్నది. అది పదిమంది యడిగిననే చేరును.

అంతవఱకు తమ గ్రామములలో తాము చేయదగిన పనులు కొన్ని కలవు. ఫోను కొనునప్పుడు రేడియో కలదా యని దుకాణమునందే విప్పించి చూడుడు. కలదన్న మాటను రసీదుపై వ్రాయించుకొనుడు. పెద్ద నవీకరణము వచ్చినప్పుడు చదువుకొన్న పిల్లవానిచేత దాని వివరమును చదివించి వినుడు. ఫోటోలకు, ముఖ్యమైన కాగితములకు వేఱుచోట నకలు ఉంచుడు. రక్షణకై వచ్చుదానిని మాత్రము మానకుడు. అన్నిటికంటె ముందుగా, ప్రతి గ్రామమునందును బ్యాటరీతో నడచు రేడియో యొకటి, మాఱుబ్యాటరీలతో సహా, పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. దానిని దూరమునుండి నవీకరించువా డెవడును లేడు. అక్టోబరు మాసము వచ్చులోపల ఆ పని యగుట మేలు.