బిట్‌కాయిన్‌ని చేత్తో పట్టుకోవచ్చా? మా చిన్నాయన రెండు నాణేల కథ

 

ఈరోజు టేబుల్ మీద రెండు నాణేలు పెట్టాను, చూడండి. ఎడమ పక్కన ఉన్నది నిజాం కాలం నాటి వెండి రూపాయి. మీద చార్మినార్ బొమ్మ ఉంది. కుడి పక్కన ఉన్నది బంగారు రంగు పూసిన బిళ్ళ, మీద పెద్ద 'బి' అక్షరం. ఆన్‌లైన్‌లో బిట్‌కాయిన్ అని కొడితే వచ్చే ఫొటోల్లో కనిపించేది ఇదే. రెండూ మా చిన్నాయనవే. వీటి వల్ల మా ఇంట్లో 2024 దసరాకి పెద్ద చర్చే జరిగింది. అందులో 10,000 రూపాయలు కూడా పోయాయి. ఆ చర్చ మొత్తం మీకు చెప్పాలి, ఎందుకంటే అదే వల మీ ఇంట్లో పెద్దవాళ్ళ మీద కూడా పడొచ్చు.

మా చిన్నాయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైర్ అయ్యాడు. హనుమకొండలో ఉంటాడు. నాణేలు పోగెయ్యడం ఆయనకి చిన్నప్పటి నుంచీ పిచ్చి. చిల్లుకాణీలు, జార్జి రాజు బొమ్మ రూపాయలు, అల్యూమినియం రెండు పైసలు, అన్నీ ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లో పెట్టి, పక్కన చిన్న చీటీ మీద సంవత్సరం రాస్తాడు. ఆ ఆల్బమ్‌లోకి 2024లో ఈ బంగారు రంగు బిళ్ళ వచ్చింది. 499 రూపాయలు. "ఇది ఉత్త బొమ్మ బిళ్ళ, లోపల బిట్‌కాయిన్ ఏం లేదు" అని ఆయనకి తెలుసు. అక్కడిదాకా ఇబ్బంది లేదు.

దసరా రోజు భోజనాలయ్యాక ఫోన్ తీసి నాకు ఇంకో ఫొటో చూపించాడు. "అరేయ్, గిది చూడు. గిది ఉత్త బిళ్ళ కాదట. లోపల నిజమైన బిట్‌కాయిన్ ఉన్నదట."

చూశాను. ఇత్తడి నాణెం. వెనక మెరిసే హోలోగ్రామ్ స్టిక్కర్. స్టిక్కర్ కింద చిన్న కాగితం మీద సీక్రెట్ కీ ఉంటుందని, గీకి చూసుకుంటే 0.05 బిట్‌కాయిన్ మనదైపోతుందని రాశారు. ఆ రోజుల్లో ఒక బిట్‌కాయిన్ సుమారు 52 లక్షలు. అంటే 0.05 అంటే 2,60,000. వాళ్ళు అడుగుతున్నది 1,80,000. అప్పటికే చిన్నాయన 10,000 అడ్వాన్స్ యూపీఐలో కొట్టేశాడు. మిగతాది ఎల్లుండి కట్టాలి. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి నాణేలు అసలు లేవా అంటే, ఉన్నాయి. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన మైక్ కాల్డ్‌వెల్ అనే ఆయన 2011లో 'కసాషియస్' అనే పేరుతో వీటిని తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. ఇత్తడి నాణెం, దాని వెనక హోలోగ్రామ్, దాని కింద కాగితం మీద ప్రైవేట్ కీ. బయటికి చిన్న కిటికీ లాంటి దాంట్లోంచి ఆ నాణెం అడ్రస్‌లో మొదటి 8 అక్షరాలు కనబడతాయి. ఆ అడ్రస్‌లో బిట్‌కాయిన్ ఉందో లేదో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. వాడాలనుకుంటే స్టిక్కర్ పీకాలి. పీకితే తేనెపట్టు గళ్ళలా ముద్ర పడిపోతుంది, మళ్ళీ అతికించలేం. 2011 చివర్లో ఒక బిట్‌కాయిన్ 5 డాలర్లకి అటూ ఇటూ. అప్పట్లో ఇది కుర్రాళ్ళ సరదా. 2013 నవంబర్‌లో అమెరికా ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్ అనే విభాగం "నువ్వు చేస్తున్నది డబ్బు బదిలీ వ్యాపారం కిందికి వస్తుంది" అని ఆయనకి చెప్పింది. దాంతో బిట్‌కాయిన్ నింపిన నాణేలు అమ్మడం ఆపేశాడు. కాబట్టి అవి ఇంక కొత్తగా పుట్టవు. స్టిక్కర్ పీకిన ప్రతిసారీ చెక్కుచెదరనివి ఒకటి తగ్గుతాయి.

చిన్నాయనకి నేను ఇంకో ముక్క కూడా చెప్పాను. మొదటి విడత హోలోగ్రామ్ మీద ఆ పేరు తప్పుగా అచ్చయ్యింది, ఒక 'ఎస్' అక్షరం ఎగిరిపోయింది. ఆ తప్పు నాణేలకే కలెక్టర్లు ఎక్కువ ధర పెడతారు. ఆయన మొహం వెలిగిపోయింది. "అచ్చు తప్పిన నోటుకు ఎక్కువ ధర ఉన్నట్టే కదరా!" అవును, అంతే. సరుకు కొత్తదే కానీ పిచ్చి పాతదే.

సరే, ఇప్పుడు అసలు విషయం. నేను ల్యాప్‌టాప్ తీసి ఆ ఫొటోలో ఉన్న అడ్రస్‌ని బ్లాక్‌చెయిన్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతికాను. నిజంగానే 0.05 బిట్‌కాయిన్ ఉంది! చిన్నాయన తొడ కొట్టాడు. "చూసినవా? నువ్వే చెప్తున్నవ్, ఉన్నదని."

రెండు నిమిషాలు నేను కూడా ఆలోచనలో పడ్డాను. తర్వాత అర్థమైంది. అడ్రస్ అంటే బ్యాంకు అకౌంట్ నంబర్ లాంటిది. కీ అంటే ఆ అకౌంట్‌లోంచి డబ్బు తీసే సంతకం. ఎక్స్‌ప్లోరర్‌లో నేను చూసింది అకౌంట్‌లో డబ్బుందని మాత్రమే. స్టిక్కర్ కింద ఉన్న కాగితం ఆ అకౌంట్‌దే అని ఎవరు చెప్పారు? ప్రపంచంలో డబ్బున్న ఏ అడ్రస్ అయినా తీసుకొచ్చి ఎవరైనా స్టిక్కర్ మీద అచ్చెయ్యొచ్చు. అడ్రస్‌లు అందరికీ కనబడేవే కదా.

"అయితే వాణ్ణి నిరూపించమందాం" అన్నాడు చిన్నాయన. మంచి మాటే. దానికి పద్ధతి కూడా ఉంది. కీ ఉన్నవాడు ఒక మెసేజ్‌ని ఆ కీతో సంతకం చేసి పంపొచ్చు. అది అసలుదో కాదో మనం లెక్క కట్టి చూసుకోవచ్చు. కానీ ఆగండి, ఇక్కడే ఉంది కిటుకు. వాడు సంతకం చేసి పంపాడనుకోండి, దాని అర్థమేంటి? ఆ కీ వాడి దగ్గర ఇంకో కాపీ ఉందని! స్టిక్కర్ పీకకుండానే సంతకం చెయ్యగలిగాడంటే, మనం డబ్బు కట్టిన అర్ధరాత్రే ఆ బిట్‌కాయిన్‌ని వేరే అడ్రస్‌కి తోసెయ్యగలడు. నిరూపించలేకపోతే మోసం అనుకోవాలి. నిరూపిస్తే ఇంకా ప్రమాదం.

చిన్నాయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "మరి ఆ అమెరికా ఆయన దగ్గర కూడా కాపీ ఉండొచ్చు కదరా? ఆయన నాణేలు ఎట్ల కొంటున్నరు?"

కరెక్ట్. కాల్డ్‌వెల్ కీలన్నీ తయారుచేసింది తనే. కాపీలు ఉంచుకోలేదని ఆయన మాట. జనం ఆ మాట నమ్మారు. ఈ బలహీనత ఆయనకీ తెలుసు. అందుకే తర్వాత 'బిప్ 38' అనే ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. అందులో కొనేవాడు ముందే తన పాస్‌వర్డ్ నుంచి ఒక కోడ్ తయారుచేసి పంపిస్తాడు. దాన్ని పట్టుకుని తయారీదారు తాళం వేసిన కీని అచ్చెయ్యగలడు కానీ, ఆ తాళం తియ్యలేడు. తెలివైన పద్ధతే. కానీ కొనేవాడు పాస్‌వర్డ్ మర్చిపోతే అంతే సంగతులు.

"నమ్మకం అక్కర్లేని డబ్బు అని నువ్వే కదా చెప్పినవు ఈ బిట్‌కాయిన్ గురించి" అన్నాడు చిన్నాయన. నిజమే, చెప్పాను. నెట్‌వర్క్ మీద ఉన్నంతసేపూ ఎవడి మాటా నమ్మక్కర్లేదు, లెక్క సరిపోతే చాలు. దాన్ని ఇత్తడిలో పెట్టగానే నమ్మకం మళ్ళీ తిరిగొచ్చింది. అచ్చువేసినవాడిని నమ్మాలి, అమ్మినవాడిని నమ్మాలి, స్టిక్కర్‌ని నమ్మాలి.

అక్కడి నుంచి చర్చ అసలు విలువ మీదికి మళ్ళింది. చిన్నాయన చార్మినార్ రూపాయి తీసి నా అరచేతిలో పెట్టాడు. "దీనికి రాజ్యం పోయింది, నిజాం పోయిండు. దుకాణంల ఇస్తే ఎవడన్న తీసుకుంటడా? తీసుకోడు. కానీ వెండి ఉన్నది. నీ దాంట్ల ఏమున్నది?"

నేను ఒక 500 నోటు తీశాను. "దీంట్లో ఏమున్నది చిన్నాయనా? 2016 నవంబర్ 8న రాత్రి 8 గంటలకి పాత 500 నోటుకి ఏమైంది? రాజ్యం పోలేదు, నోటే పోయింది." ఆయన నవ్వాడు. ఆల్బమ్‌లోంచి ఒక రూపాయి నోటు తీశాడు. "దీని మీద చూడు. మిగతా నోట్ల మీద గవర్నర్ 'చెల్లిస్తానని హామీ ఇస్తున్నాను' అని సంతకం పెడ్తడు. దీని మీద ఆ హామీ లేదు. ఇది భారత ప్రభుత్వం నోటు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటది. అయినా నడుస్తది. ఎందుకు నడుస్తది? పన్ను కట్టడానికి సర్కారు ఇదే తీసుకుంటది కాబట్టి." నేను బీటెక్‌లో చదువుకోని పాఠం అది.

అప్పుడు నేను కాగితం మీద మూడు లెక్కలు వేశాను. నాణేనికి మూడు విలువలు ఉంటాయి. ఒకటి, లోహం విలువ. రెండు, దానిమీద రాసిన డబ్బు విలువ. మూడు, పోగుచేసేవాళ్ళు ఇచ్చే విలువ. చార్మినార్ రూపాయికి రెండోది సున్నా, మొదటిదీ మూడోదీ ఉన్నాయి. మన 500 నోటుకి రెండోది మాత్రమే ఉంది. 499 బిళ్ళకి మూడూ దాదాపు సున్నా. స్టిక్కర్ చెక్కుచెదరని కసాషియస్ నాణేనికి మొదటిది కాస్త ఇత్తడి, రెండోది లోపలి బిట్‌కాయిన్, మూడోది కలెక్టర్ల మోజు. స్టిక్కర్ పీకితే రెండోది మీ వాలెట్‌లోకి వెళ్తుంది, మూడోది చాలావరకు పోతుంది.

మరి నాణెం లేని బిట్‌కాయిన్‌కి? లోహం లేదు, వెనక సర్కారు లేదు. ఉన్నది రెండే. 2 కోట్ల 10 లక్షలకి మించి పుట్టదనే నియమం ఒకటి, దాన్ని కావాలనుకునే జనం ఒకటి. నియమం ఒక్కటే చాలదు. నేను ఈరోజు కూర్చుని 100 మాత్రమే ఉండే కాయిన్ రాయగలను. మీలో ఒక్కరు కూడా కొనరు. జనం కావాలనుకున్నంత కాలమే ధర. అది 2021 నవంబర్‌లో 69,000 డాలర్ల దగ్గరికి వెళ్ళింది, ఏడాది తిరిగేసరికి 16,000కి పడింది, 2024 డిసెంబర్‌లో లక్ష దాటింది. ఇలా ఊగేదాంతో ఇంటి అద్దె మాట్లాడుకోలేం. ఎల్ సాల్వడార్ 2021లో దాన్ని చట్టబద్ధమైన డబ్బుగా ప్రకటించింది. 2025 మొదట్లో చట్టం మార్చి, దుకాణాలు తీసుకోవడం వాళ్ళ ఇష్టం అంది.

నా సంగతి కూడా చెప్తాను, దాచడం ఎందుకు. 2021 నవంబర్‌లో బోనస్ డబ్బులు 60,000 పెట్టి కొన్నాను. ఏడాది తర్వాత భయపడి 17,000కి అమ్మేశాను. అదే ఏడాది ఇంకో కాయిన్‌లో 9,000 లాభం వచ్చింది. మన దేశంలో 2022 నుంచి ఈ లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాంట్లో నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసెయ్యడం కుదరదు. 43,000 పోగొట్టుకుని కూడా సెస్సుతో కలిపి 2,808 రూపాయలు పన్ను కట్టాను. ఇది విని చిన్నాయన అరగంట నవ్వాడు. "నాది 10,000, నీది 43,000. ఇగ నువ్వు నాకు చెప్పొస్తున్నవా?" అన్నాడు. న్యాయమే.

చివరికి ఆయన్ని ఆపింది నా కీ పాఠం కాదు, ఆయన సొంత లెక్కే. "అరేయ్, 2,60,000 సరుకును 1,80,000కి ఎవడిస్తడు? వెండి రూపాయిని వెండి ధర కంటే తక్కువకు ఇస్తే అది సీసమన్నా అయ్యుండాలె, దొంగసొమ్మన్నా అయ్యుండాలె." వెంటనే వాడికి ఫోన్ చేసి, నాణెం చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇస్తానన్నాడు. వాడు ముందు బతిమాలాడు, తర్వాత బెదిరించాడు, ఆ తర్వాత బ్లాక్ చేశాడు. ఆ రాత్రే 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాం. అడ్వాన్స్ కట్టి అప్పటికే వారం దాటింది. ఆ 10,000 తిరిగి రాలేదు. 1930కి ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, గంటల్లో చెయ్యాలి. ఇది రాసిపెట్టుకోండి.

కాబట్టి ఎవరైనా 'నింపిన' నాణెం అమ్ముతామంటే మూడు విషయాలు గుర్తుంచుకోండి. అడ్రస్‌లో బ్యాలెన్స్ కనబడటం రుజువు కాదు. కీ మీరు కాకుండా ఇంకెవరు తయారుచేసినా, దానిమీద మొదటి హక్కు వాళ్ళదే. మార్కెట్ ధర కంటే తక్కువకి వస్తోందంటే అదృష్టం అనుకోకండి, అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. బిట్‌కాయిన్ కొనాలా వద్దా అనేది మీ ఇష్టం. పోయినా నిద్ర పట్టే డబ్బే పెట్టండి. రిటైర్మెంట్ డబ్బు మాత్రం వద్దు.

అన్నట్టు, ఆ 499 బిళ్ళ ఇంకా ఆల్బమ్‌లోనే ఉంది. ఈ షూట్ కోసం అడిగి తెచ్చాను, ఆదివారం తిరిగివ్వాలి. దాని పక్కన ఆయన చీటీ మీద ఇలా రాసుకున్నాడు: "2024. ధర 499. నాకు పడ్డది 10,499."

మీ ఇంట్లో ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్స్‌లో రాయండి. పాత నాణేలు ఉన్నవాళ్ళు కూడా రాయండి, చిన్నాయన కామెంట్స్ చదువుతాడు.