నక్కవేటయు, చట్టధిక్కారమును
(పఠనమందిర సభలో చేసిన ప్రసంగము)



ఎక్కడో ఆంగ్లదేశపు పొలములలో నక్కను తఱుము దొరలకును, ఈ పఠనమందిరమున గూర్చున్న మనకును ఏమి సంబంధమని కొందఱు శంకింపవచ్చును. సంబంధము లేకపోలేదు. ఈ వేటను వారు మన దేశమునకు గూడ వెంట దెచ్చిరి. చెన్నరాజధానికి వేసవి విడిదియైన ఉదకమండలమున, తమ దేశపు ఎఱ్ఱని గుంటనక్క దొరకనందున, సీమనుండి తెప్పించిన కుక్కలతో మన నక్కనే తఱిమిరి. అంతకంటె దగ్గఱి సంబంధము మఱియొకటి కలదు. దానిని పిమ్మట మనవి చేసెదము.

ఈ వేట యెట్టిదో ముందుగా తెలిసికొందము. గుఱ్ఱములపై పలువురు బయలుదేఱుదురు. ముందు వేటకుక్కల మంద సాగును. కుక్కలు వాసన పట్టి నక్కను అలసిపోవువఱకు తఱిమి చంపును. అది బొరియలో దూఱినచో చిన్నజాతి కుక్కలను లోనికి విడిచి, నేల త్రవ్వి బయటికి లాగుదురు. దీనిని క్రూరత్వమని కొందఱును, పల్లెసీమల ప్రాచీనాచారమని కొందఱును బహుకాలము వాదించిరి.

తుదకు చట్టము వచ్చెను. స్కాట్లండున 2002లో నిషేధము పుట్టెను. ఇంగ్లండు, వేల్సు దేశములకై కామన్సు సభ చేసిన శాసనమును ప్రభువుల సభ అంగీకరింపలేదు. 1911, 1949 సంవత్సరముల పార్లమెంటు చట్టముల బలముచేత, ప్రభువుల సమ్మతి లేకయే, 2004 నవంబరు 18వ తేదీన అది చట్టమైనది. 2005 ఫిబ్రవరి 18 నుండి అమలులోనికి వచ్చినది.

వేటపక్షమువారు చేసినదంతయు తప్పని మేమనము. 2002 సెప్టెంబరు 22న నాలుగు లక్షలకు పైగా జనము లండను వీథులలో నడిచిరి. అది వారి హక్కు. చట్టమే చెల్లదని న్యాయస్థానము నాశ్రయించిరి. 2005లో అత్యున్నత న్యాయమూర్తులు అది చెల్లునని తీర్పు చెప్పిరి. అదియు ధర్మమార్గమే. ఓడినవాడు న్యాయస్థానమునకు బోవుట న్యాయవాదులమైన మాకు అభ్యంతరమెట్లగును?

కాని 2004 సెప్టెంబరు 15న జరిగినదేమి? పార్లమెంటు వెలుపల వేటపక్షపు గుంపులకును రక్షకభటులకును పెనుగులాట జరిగి పలువురు గాయపడిరి. లోపల చర్చ సాగుచుండగా అయిదుగురు కామన్సు సభా మందిరమున జొరబడిరి. 1642లో చార్లెసు రాజు అయిదుగురు సభ్యులను పట్టుకొనుటకై సాయుధులతో ఆ సభకు వచ్చిన కథ చరిత్ర చదివినవా రెఱుగుదురు. రాజు చేసినపుడు అది నిరంకుశత్వమైనచో, వేటగాండ్రు చేసినపుడు స్వాతంత్ర్యమెట్లగును?

ఇక మేము చెప్పదలచిన దగ్గఱి సంబంధము. చట్టము వచ్చినను శాంతియుతముగా దానిని ధిక్కరింతుమని వేలాదిమంది ముందే ప్రతిజ్ఞాపత్రముపై సంతకములు చేసిరి. తమది శాసనోల్లంఘనమనిరి. సోదరులారా, ఆ మాట మనకు పరాయిది కాదు. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నులకు లొంగక, ఇండ్లు విడిచి రామనగరమున పాకలలో వసించిరి. ఎండవానలకు తామే ఓర్చిరిగాని ఎవరి తలయు పగులగొట్టలేదు. 1922 మార్చి 18న అహమ్మదాబాదు న్యాయస్థానమున గాంధీమహాత్ముడు నేరము నొప్పుకొని, చట్ట మీయగల కఠినశిక్షనే విధింపుడని కోరెను. ఆఱేండ్ల కారాగారశిక్షను శిరసావహించెను. చేసినది దాచకుండుట, పరుని హింసింపకుండుట, శిక్షకు వెఱవకుండుట: ఈ మూడును లేనిచోట శాసనోల్లంఘనము లేదు. ఉన్నది కేవలము నేరమే.

ఈ గీటురాయిపై వారి నడతను రాచి చూతము. చట్టము వచ్చిన తరువాత వేటసంఘములు నక్కను వేటాడుట లేదనియు, నేలపై పూసిన వాసనజాడను మాత్రమే కుక్కలు అనుసరించుననియు చెప్పసాగినవి. నిజముగా అట్లు చేసిన చోట తప్పు లేదు. కాని 2012లో హీత్రాప్ వేటసంఘము చట్టవిరుద్ధముగా నక్కలను వేటాడినట్లు న్యాయస్థానమున నొప్పుకొనెను. సంఘముపై బడిన జరిమానా 4,000 పౌన్లు. అభియోగము నడుపుటకు జీవహింసా నివారణ సంఘమునకైన వ్యయము 3 లక్షల పౌన్లకు మించెను. చాటున చేసి, పట్టుబడినపుడు మాత్రమే ఒప్పుకొనుట సత్యాగ్రహమా?

హింస మాటయో! 2016లో లెస్టర్‌షైరున బీవర్ వేటను పరిశీలించుచున్న యిరువురిపై దౌర్జన్యము జరిగెను. ఒకని మెడయెముక విఱిగెను. తండ్రీకొడుకు లిరువురు 2018లో ఆ నేరము నొప్పుకొనిరి. వారికి విధించిన ఖైదు అమలు జరుగకుండ నిలుపబడెను.

న్యాయము తప్పక రెండవ పక్షమును గూడ చెప్పవలెను. 1991లో పదునెనిమిదేండ్ల యువకుడును, 1993లో పదునైదేండ్ల బాలుడును వేటను అడ్డబోయి బండ్ల క్రింద బడి మరణించిరి. అవి హత్యలని ఏ న్యాయస్థానమును చెప్పలేదు, మేమును చెప్పము. 2009లో వేటపక్షపువా డొకడు, పరిశీలకుల చిన్న విమానపు ఱెక్క తగిలి చనిపోయెను. నడిపినవానిని న్యాయస్థానము నిర్దోషియని విడిచినది. అట్లే 2020లో అంతర్జాల సమావేశమున వేటనాయకు డొకడు చేసిన ప్రసంగము చట్టోల్లంఘనకు ప్రోత్సాహమని 2021లో శిక్ష పడినను, 2022లో పైవిచారణయందు అది కొట్టివేయబడెను. కావున ఆయనను దోషియనుట తగదు. తల్లి యేడ్చునపుడు బిడ్డ యే పక్షమువాడని కన్నీ రడుగదు.

ఐనను ఒక సంగతి దాచరానిది. ఆ చట్టమున వేటాడినవానికి జరిమానాయే గాని కారాగారము లేదు. ఆకలిగొని ఒకరి పొలమున కుందేలును పట్టిన పేదకూలిని ఆ దేశపు పాతచట్టములు ద్వీపాంతరమునకు గూడ పంపినవి. ఆ చట్టములు చేసినవారు భూస్వాములు. చట్టము పేదవానిపై బడినంతకాలము అది పవిత్రము. తమపై బడిన దినముననే అది దౌర్జన్యమయ్యెను. నక్కకంటె పెద్ద ప్రశ్న యిదియే.

ఆంగ్లేయుని కంటిలోని నలుసు నెంచుచు మన కంటిలోని దూలమును మఱువరాదు. సంక్రాంతినాడు గోదావరి మండలములలో, చట్టము నిషేధించినను, కోళ్ల కాళ్లకు కత్తులు గట్టి పందెములాడుట మన మెఱుగనిదా? ఆచారమను మాటయే అచ్చటను వినబడును. పెద్దలే బరి ప్రక్క కుర్చీలలో గూర్చుందురు. కావున ఈ సభనుండి లేచిపోవునపుడు మనలను మనమే ఒక ప్రశ్న యడుగుదము: మనకు నచ్చిన చట్టమును పాటించుట గొప్ప కాదు, మన వినోదమునకు అడ్డువచ్చిన చట్టము నెదుట మన మెట్లు నిలిచితిమి?