కారు లిఫ్టుకూ జీవన ప్రమాణ పత్రం కావాలి

(మన సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు గారు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో వేరే విషయం మనవి చేసుకొంటాను. ఇంట్లో పెట్టుకొనే కారు లిఫ్టు గురించి. డెబ్భై దాటిన వాడికి ఈ గొడవ ఎందుకని వెనక వరుసలో నవ్వుతున్నారు. మొదట నేనూ నవ్వాను.

మా మనుమడు బెంగుళూరు కంపెనీలో ఉద్యోగి. ఇప్పుడు చాలా రోజులు గుంటూరులో మా ఇంటి నుంచే పని చేస్తున్నాడు. పాత కారొకటి కొని ఆదివారం ఆదివారం విప్పుతాడు, బిగిస్తాడు. చెడు అలవాట్లకన్నా ఇది నయమని ఊరుకున్నాను. ఒకనాడు ఫోనులో బొమ్మ చూపించి, "తాతయ్యా, మన పోర్టికోలో ఈ లిఫ్టు పెట్టిద్దాం. పేరున్న కంపెనీ ధరలో సగం కూడా లేదు. నాలుగు టన్నులు ఎత్తుతుందట" అన్నాడు. ఇల్లు నా పేరున ఉంది కనుక ఫైలు నా టేబులు మీదికి వచ్చింది.

నేను ఇంజనీరును కాను. ముప్పై అయిదేళ్లు బిల్లులు, ఎస్టిమేట్లు పరిశీలించిన గుమాస్తాను. కాగితంలో ఏది రాశారో, ఏది రాయలేదో చూడటమే నాకొచ్చిన విద్య. అయితే ఈ ఫైలు మీద వెంటనే సంతకం పెట్టలేకపోవడానికి ఇంకో కారణం ఉంది.

మా అక్కయ్య కొడుకు పర్చూరు దగ్గర వ్యవసాయం చేసేవాడు. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1994 వేసవిలో, పత్తి తీతలు అయిపోయాక, ట్రాక్టరు ట్రక్కు తొట్టిని హైడ్రాలిక్‌తో పైకెత్తి, కిందికి వంగి గ్రీజు పెడుతున్నాడు. తొట్టికి కింద దుంగ ఆనించలేదు. రెండు నిమిషాల పనే కదా అనుకున్నాడు. నూనె పైపు పగిలింది. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి మోచేతి కిందికి పోయింది. ఆ ఏడు ఆసుపత్రి వరండాలో మా అక్కయ్య పక్కన కూర్చున్న రాత్రులు నాకు ఇంకా గుర్తే.

మనుమడి సంగతి చెబితే వాడు ఒకే మాట అన్నాడు: "మామయ్యా, ఎత్తేది నూనె. ఎత్తినదాన్ని మోయాల్సింది ఇనుము. ఆ రోజు నేను రెండూ ఒకటే అనుకున్నాను."

లిఫ్టు భద్రతలో సగం సంగతి ఈ మాటలోనే ఉంది. మోటారు నూనెను తోస్తుంది, నూనె బండిని లేపుతుంది. కాని మనిషి కిందికి వెళ్లే ముందు బండి బరువు నూనె మీద ఉండకూడదు. స్తంభంలోని ఇనుప మెట్ల మీద గొళ్లెం పడి, బండిని కొద్దిగా కిందికి దించి ఆ గొళ్లెం మీదే కూర్చోబెట్టాలి. రెండు స్తంభాలుంటే రెండింట్లోనూ, ఒకే ఎత్తులో పడాలి. చవక రకాల్లో మొదట చూడవలసింది ఈ గొళ్లేలే. ఎన్ని ఎత్తుల్లో పడతాయి? గొలుసు, వైరు తాడు తెగినా, పైపు పగిలినా అవే పట్టుకుంటాయా? అమ్మేవాడు వీటికి సమాధానం చెప్పకుండా రంగు, గ్యారంటీ గురించి చెబుతుంటే లేచి రావడం మేలు.

రెండవది కాగితం. నాలుగు టన్నులని పలక మీద ఎవరైనా కొట్టించవచ్చు. దాన్ని పరీక్షించిందెవరు? అమెరికాలో 1945 నుంచి ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఉంది. కంపెనీతో సంబంధం లేని ప్రయోగశాలలో నెగ్గిన మోడలుకే దాని బంగారు రంగు లేబులు వస్తుంది. ఐరోపాలో ఇ.ఎన్. 1493 అనే ప్రమాణం ఉంది. మనం అడగాల్సింది "సర్టిఫికెట్ ఉందా?" అని కాదు. "ఈ మోడలు నంబరుకే ఉందా? ఇచ్చిందెవరు?" అని. ఒక మోడలు పత్రం చూపి ఇంకో మోడలు అమ్మడం మన ఆఫీసుల్లో పాత కొటేషను మీద కొత్త బిల్లు పెట్టడం లాంటిదే. మా వాడు ఉత్తరం రాస్తే ఆ దుకాణంవారు పంపిన పత్రంలో మోడలు నంబరే వేరు.

చవకైనదంతా చెడ్డదనీ, పెద్ద దేశంలో అమ్మినదంతా మంచిదనీ కూడా అనుకోవద్దు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే కంపెనీ, పిట్స్‌బర్గ్ పేరుతో తాను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల కారు స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. పళ్లు సరిగా పట్టక బరువు మీద జారిపోవచ్చని తేలింది. విచిత్రమేమిటంటే, వాటికి బదులుగా ఇచ్చిన 3 టన్నుల స్టాండ్లలో కొన్నింటికి వెల్డింగు లోపముందని అదే ఏడాది మళ్లీ పిలవవలసి వచ్చింది. అక్కడ పిల్లలున్నవారు ఈసారి ఫోను చేసినప్పుడు గ్యారేజీలో ఏమున్నదో అడగండి.

మూడవది లెక్క. మారుతి 800 సుమారు 650 కిలోలు. అంబాసిడరు 1100 దాటుతుంది. ఇన్నోవా ఖాళీగానే ఒకటిన్నర టన్నుకు పైన. నాలుగు టన్నుల లిఫ్టుకు ఇవి లెక్కలోనివి కావనిపిస్తుంది. కాని ఆ బరువును నాలుగు చేతులు పంచుకొంటాయి, ఒక్కో చేతికి టన్నే. కారులో బరువు నాలుగు మూలలా సమంగా ఉండదు, ఇంజను ఉన్న వైపు ఎక్కువ. పైకెత్తాక ఇంజనో గేరుబాక్సో దించితే ముందు తేలికై బండి వెనక్కి ఒరగవచ్చు. అందుకే కంపెనీ పుస్తకంలో చెప్పిన చోటనే చేతులు ఆనించాలి. అర అడుగు లేపి, చేత్తో గట్టిగా ఊపి చూసి, ఆ తర్వాతే పైకి తీసుకుపోవాలి.

నాలుగవది నేల. మన ప్రాంతంవారు ముఖ్యంగా వినవలసింది ఇదే. రెండు స్తంభాల లిఫ్టు బరువంతా అడుగున ఉన్న కొన్ని బోల్టుల మీద, ఆ బోల్టులు దిగిన కాంక్రీటు మీద ఆధారపడుతుంది. చాలా కంపెనీలు కనీసం 4 అంగుళాల మందం గట్టి కాంక్రీటు అడుగుతాయి, పెద్ద రకాలకు ఇంకా ఎక్కువ. పోసి 28 రోజులు నిండాలి. పగులుకు, అంచుకు దగ్గరగా బోల్టు వేయరాదు. పైనున్న టైల్సు, నాపరాళ్లు, గ్రానైటు ఈ మందంలోకి రావు.

మన నేలేమో నల్లరేగడి. పత్తికి, మిరపకు తల్లి లాంటిది గాని గోడకు సవతి తల్లి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది. అందుకే ఈ నేలల్లో కట్టడాలకు అండర్ రీమ్డ్ పైల్సు వేస్తారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ వీటి మీద ఎంతో కృషి చేసింది. ఇంటి గోడలకు వేసిన ఆ పునాది పోర్టికో నేల కింద ఉండదు. నేల ఒక పక్క అంగుళం లేచినా పదడుగుల స్తంభం కొసన అది ఎంత వాలు అవుతుందో ఆలోచించండి.

మేస్త్రీని పిలిపించి ఓ మూల గ్రానైటు బిళ్ల ఎత్తించాను. కింద రెండున్నర అంగుళాల బెడ్డు, దాని కింద ఇసుక, ఆ కింద నల్లమట్టి. మనుమడు టేపు పెట్టి తానే కొలిచాడు. తర్వాత తలెత్తి స్లాబు కూడా కొలిచాడు, సరిగా పది అడుగులు. లిఫ్టు ఆరడుగులు లేపితే, దాదాపు అయిదడుగుల ఎత్తున్న కారు పదకొండు అడుగుల దగ్గరకు పోతుంది. నేను "వద్దు" అనవలసిన అవసరమే రాలేదు. టేపే చెప్పింది.

అయిదవది ఏటేటా పరీక్ష. మనం బతికే ఉన్నామని ప్రతి ఏడూ జీవన ప్రమాణ పత్రం ఇవ్వకపోతే పెన్షను ఆగిపోతుంది. లిఫ్టుకూ అదే న్యాయం. తాళ్లలో పోగులు తెగాయా, బోల్టులు వదులయ్యాయా, నూనె కారుతోందా అని తెలిసినవారు ఏడాదికొకసారైనా చూసి సంతకం పెట్టాలి. చేసేవారు మీ ఊరికి దగ్గరలో లేకపోతే, ధర ఎంత తక్కువైనా ఆ సరుకు మీది కాదు.

రెండు రోజులు మనుమడు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు మా మేనల్లుడు వచ్చి, ఎడమచేత్తో కాఫీ గ్లాసు పట్టుకొని వాడి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఇప్పుడు పెద్ద పని ఉంటే ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లి, అక్కడి లిఫ్టు మీద, ఆయన పక్కనుండగా చేసుకొంటున్నాడు. చిన్న పనులకు ఇంట్లో మంచి స్టాండ్లు కొన్నాడు. నేల గట్టిగా, సమంగా ఉన్నచోట, చక్రాలకు అడ్డు పెట్టి, రెండు స్టాండ్ల మీద దించి, ఊపి చూశాకే పని.

చివరిగా ఒక్క మనవి. మనలో లిఫ్టు కొనేవారు ఒకరో ఇద్దరో ఉంటారు. చాలా కార్ల డిక్కీలో మాత్రం జాకీ ఉంటుంది. ఆ జాకీ టైరు మార్చడానికే, కిందికి దూరడానికి కాదు. ఇటుకలు పేర్చి దాని మీద ఆనించవద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి మీ పిల్లలకు, అల్లుళ్లకు, మనుమలకు చెప్పండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఆసుపత్రి వరండాలో కూర్చోవడం కన్నా అది సులభం.