గెట్టు ఎక్కడుందో ఫెన్స్ చెప్పదు: లాట్ నంబరు నుంచి సర్వే నంబరు దాకా

నేను మెల్‌బోర్న్ పడమటి దిక్కు ఇళ్ల సైట్ల మీద సూపర్‌వైజర్‌ని. మాది జగిత్యాల దిక్కు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, దుబాయి, దోహా తిరిగి ఇక్కడ తేలిన. సర్వేయర్‌ని కాను, లాయర్‌ని అసలే కాను. సైట్ మీద దెబ్బ తిని నేర్చుకున్నది, ఊర్లో మా బాపు పొలం దగ్గర పనికొచ్చింది. అదే ఇవాళ చెప్తా.

ముందు దెబ్బ సంగతి. టార్నీట్‌లో ఒక బ్లాక్, 12.5 మీటర్ల వెడల్పు, 28 మీటర్ల లోతు. అంటే 350 చదరపు మీటర్లు, మన లెక్కన దగ్గర దగ్గర 418 గజాలు. మూల మీద సర్వేయర్ కొట్టిన పెగ్ ఉండాలి, బాబ్‌క్యాట్ తిరిగినప్పుడు లేచిపోయింది. పక్కింటి ఫెన్స్ అప్పటికే ఉంది. కొత్త కొత్తది కదా, తెలివి చూపిద్దామని ఫెన్స్ నుంచి టేపు పట్టి ఫార్మ్‌వర్క్ పెట్టించిన. తెల్లారితే కాంక్రీట్ బుకింగ్. సాయంత్రం సర్వేయర్ వచ్చి, వీధిలో ఉన్న పాత గుర్తుల నుంచి మళ్లీ లెక్క తీసి, "ఫెన్స్ 180 మిల్లీమీటర్లు మీ బ్లాక్‌లోకి ఉంది" అన్నాడు. ఫెన్స్ ఎక్కడుంటే నీకెందుకు, లాట్ ఎక్కడుందో చూడు అని ఒక మాట కూడా అన్నాడు. ఆ రాత్రి ఫార్మ్‌వర్క్ మొత్తం ఊడదీసినం. ఓవర్‌టైమ్ ఎవరు ఇవ్వాలన్నది వేరే గొడవ.

అప్పుడు కూర్చుని ప్లాన్ చదివిన. ఇంటి నంబరు, వీధి పేరు పోస్ట్‌మ్యాన్ కోసం. భూమికి అసలు అడ్రస్ వేరే: లాట్ ఇంత, ప్లాన్ ఆఫ్ సబ్‌డివిజన్ పీఎస్ ఇంత. న్యూ సౌత్ వేల్స్‌లో పీఎస్ బదులు డీపీ అంటారు. ఆ షీట్ మీద ప్రతి గీత పొడవు, ఏ దిక్కుకి ఎన్ని డిగ్రీలు, అన్నీ రాసి ఉంటాయి. పక్కింటివాడి పేరు ఎక్కడా ఉండదు. పక్కింటివాడు అమ్ముకుని పోయినా, ఫెన్స్ కాలిపోయినా, ఆ కాగితం పట్టుకుని కొత్త సర్వేయర్ వచ్చి అదే మూల చూపిస్తాడు.

అదే షీట్ పైన పారిష్ అని ఒక పేరు ఉంటుంది, మా దగ్గర పారిష్ ఆఫ్ టార్నీట్. చర్చికి సంబంధం లేదు, ఇది సర్వే కోసం గీసిన ఊరి లాంటిది. మన రెవెన్యూ గ్రామం అనుకోండి. సర్వే నంబరు 214 అంటే ఏ ఊరి 214? ఊరు చెప్పకపోతే ఆ నంబరుకి విలువ లేదు. ఇక్కడా అంతే, పారిష్ లేకుండా పాత క్రౌన్ అలాట్‌మెంట్ నంబరు దేనికీ పనికిరాదు.

ఇక చదరాల సంగతి. టార్నీట్, ట్రుగనీనా వైపు డ్రైవ్ చేసేవాళ్లు గమనించే ఉంటారు. సేయర్స్ రోడ్, లీక్స్ రోడ్, డోహర్టీస్ రోడ్ ఒకదాని తర్వాత ఒకటి దాదాపు ఒక్కో మైలు దూరంలో, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. ఇళ్లు రాకముందే, గొర్రెల మేత భూములప్పుడే, సర్వేయర్లు గొలుసు పట్టుకుని చదరాలు కొట్టారు. ఆ గీతలే తర్వాత రోడ్లయినయి.

ఆ గొలుసు మనకి తెలిసిందే. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు ఆయన పెట్టిన కొలత: 66 అడుగులు, 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. 1837లో రాబర్ట్ హాడిల్ మెల్‌బోర్న్ సిటీ గీసినప్పుడు ఒక్కో గడి 10 గొలుసులు ఇటు, 10 అటు, అంటే 10 ఎకరాలు. పెద్ద వీధులు గొలుసున్నర, 99 అడుగులు. లిటిల్ కాలిన్స్, లిటిల్ బర్క్ లాంటి చిన్న వీధులు అర గొలుసు, 33 అడుగులు. ఇప్పుడు మన గుంట లెక్క వేయండి: 33 అడుగులు ఇంటూ 33 అడుగులు, 121 గజాలు. లిటిల్ కాలిన్స్ వీధి వెడల్పు ఎంతో, మన గుంట పొడవు అంత! ఇది లెక్క తేలిన రోజు లంచ్ బ్రేక్‌లో ఒక్కణ్ణే నవ్వుకున్న. రెండు చోట్లా గొలుసు తెచ్చింది ఇంగ్లీషోడే కదా.

అడిలైడ్‌లో ఉన్నోళ్లకి ఇంకో మాట. కర్నల్ విలియం లైట్ 1837లో జనవరి నుంచి మార్చి లోపు ఆ సిటీని 1042 టౌన్ ఎకరాలుగా కొలిచి నంబర్లు వేసిండు. పల్లె భూములకి హండ్రెడ్ అనే పేరుతో భాగాలు, వాటి లోపల సెక్షన్లు: హండ్రెడ్ ఆఫ్ యాటాలా, హండ్రెడ్ ఆఫ్ మున్నో పారా అన్నట్టు. అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఇది ఇంకా పెద్ద లెక్కలో కనిపిస్తుంది. అక్కడ 1785 చట్టంతో ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. ఒక ఉత్తర-దక్షిణ గీత, ఒక తూర్పు-పడమర గీత, అక్కడి నుంచి ఎన్నో గడి అని లెక్కపెట్టుకుంటూ పోతే మీ భూమి వస్తుంది. ఆస్ట్రేలియాలో దేశం మొత్తానికి అట్లా ఒకే గడుల పటం లేదు, ఏ కాలనీ లెక్క దానిదే.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ చదరాలు గీసిన నేల ఖాళీ నేల కాదు. ఇక్కడి ఆదివాసీలని ఒక్క మాట అడగకుండా గీసిన గీతలు ఇవి. ఈ నేల ఎవరిదీ కాదన్న వాదన తప్పని హైకోర్టు చెప్పేసరికి 1992 వచ్చింది, మాబో కేసులో.

గీత ఉంటే సరిపోదు, దాని వెనక ఎవరు నిలబడతారన్నది కూడా ఉంది. 1858లో సౌత్ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో రిజిస్టర్‌లో పేరుంటే ప్రభుత్వమే హక్కుకి పూచీ. విక్టోరియాకి అది 1862లో వచ్చింది. మన దగ్గర రిజిస్ట్రేషన్ అయ్యేది కాగితం. అమ్మినవాడికి హక్కు ఉందా లేదా అన్నది కొన్నవాడు చూసుకోవాలి. దుబాయిలో ఉన్నప్పుడు ఈ తేడా నాకు తెలియదు, స్టాంపు పడితే అయిపోయిందనుకున్న.

2006లో నా దుబాయి పైసలతో బాపు ఎకరం 20 గుంటలు కొన్నడు. దస్తావేజులో హద్దులు ఇట్లా ఉన్నయి: తూర్పు ఫలానా ఆయన పొలం, పడమర కాలువ, ఉత్తరం బాట, దక్షిణం అమ్మినవారి మిగులు భూమి. బాపు ఉన్నన్ని రోజులు కళ్లు మూసుకుని గెట్టు మీద నడిచేటోడు. 2019లో పోయిండు. 2022లో లీవు మీద పోతే కాలువ పూడిపోయింది, బాట జరిగింది, మిగులు భూమి రెండు చేతులు మారింది. నాలుగు హద్దుల్లో మూడు లేవు. పక్క పొలమాయన ఒడ్డు చెక్కుకుంటూ వచ్చిండు. అడిగితే "మీ బాపు ఉన్నప్పటి సంది ఇదే గెట్టు తమ్మీ" అన్నడు. నా దగ్గర సమాధానం లేదు. ఫెన్స్ నుంచి టేపు పట్టిన రోజు గుర్తొచ్చింది.

టిప్పన్ నకలు తీసుకున్న. చూస్తే నా ఐటీఐ చదువే! మన పొలాలు వాగు, చెరువు, కట్ట చూసుకుని వంకర్లు పోతాయి, చదరంగా రావు. అందుకే సర్వే నంబరు లోపల మూల నుంచి మూలకి ఒక ఆధార గీత పెట్టి, దాని మీద ఎంత దూరం పోయాక పక్కకి ఎంత అని ప్రతి మలుపుకీ కొలత రాస్తారు. సైట్‌లో మనం గ్రిడ్ లైన్ నుంచి ఆఫ్‌సెట్ తీసినట్టే. ఆంధ్ర వైపు ఇదే పని ఎఫ్ఎంబీ చేస్తుంది. ఇక్కడా పక్కోడి పేరు అక్కర్లేదు, కావాల్సింది పాత రాళ్లు. మా సర్వే నంబరుకి రెండు దొరికినయి, ఒకటి చింతచెట్టు వేర్లల్ల ఇరుక్కుని ఉంది.

మండల సర్వేయర్ పక్కోళ్లకి నోటీసు ఇచ్చి, వాళ్లందరి ముందు కొలిచిండు. తూర్పున మా భూమి 3 గుంటలు ఆయన లోపల ఉంది. అంతవరకు సంతోషమే. దక్షిణాన మేమే ఒక గుంట వేరేవాళ్లది దున్నుతున్నం! అదీ ఇచ్చినం. పెద్దమనుషుల ముందు అయిపోయింది, కోర్టు దాకా పోలేదు. నాకు పోయింది ఒక లీవు, రెండు టికెట్లు.

ఇది ఎందుకింత చెప్తున్ననంటే, మనం దూరంగా ఉన్నోళ్లం. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమిని ఇంకొకరు మీ హక్కుకి ఎదురుగా, బహిరంగంగా 12 ఏళ్లు పట్టుకుని ఉంటే, తర్వాత కేసు వేసినా నిలబడటం కష్టం. విక్టోరియాలో కూడా అట్లాంటి రూలు ఉంది, 15 ఏళ్లు. గల్ఫ్‌లో 12 ఏళ్లు ఎట్లా పోతాయో మీకు నేను చెప్పాలా?

వెంచర్లలో ప్లాట్లు కొన్న తమ్ముళ్లు ఇంకా జాగ్రత్త. బ్రోచర్‌లో ప్లాట్ నంబరు 47 అంటే అది ఒక అంకె, అంతే. హెచ్ఎండీఏ గానీ డీటీసీపీ గానీ మంజూరు చేసిన లేఅవుట్ నంబరు ఏది, అది ఏ ఊరి ఏ సర్వే నంబర్ల మీద ఉంది, మంజూరైన పటంలో 47 అదే చోట ఉందా? ఈ మూడూ కలిస్తేనే ఇక్కడి లాట్, పీఎస్ లాంటిది మీ చేతిలో ఉన్నట్టు. పార్కుకి వదిలిన జాగాని ప్లాటు చేసి అమ్మితే, మోకా మీద రాళ్లు అందంగానే ఉంటాయి.

మరి ఇక్కడ కూర్చుని ఏం చేయొచ్చు? తెలంగాణవాళ్లు 2025లో ధరణి పోయి వచ్చిన భూభారతిలో, ఆంధ్రవాళ్లు మీభూమిలో, పేరు, సర్వే నంబరు, బై నంబరు, విస్తీర్ణం పాస్‌బుక్‌తో కలుస్తున్నాయా చూసుకోండి. ఆంధ్రలో రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్పీఎం నంబరు వచ్చి ఉంటుంది, రెండూ రాసి పెట్టుకోండి. ఈసీ తీయించండి. మీ బాపు గానీ, అవ్వ గానీ, బాబాయి గానీ గెట్టు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారంటే, వాళ్లు నడవగలిగినప్పుడే పొలం చుట్టూ నడిపించి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ప్రతి మూల దగ్గర ఫొటో తీయించండి. ఫోన్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, గెట్టు తేల్చడానికి అది పనికిరాదు. కానీ ఏ రాయి కోసం ఎక్కడ తవ్వాలో చెప్తుంది.

మా చింతచెట్టు రాయిని మా తమ్ముడు ప్రతి దసరాకి సున్నం కొట్టి ఫొటో పంపుతాడు. పోయినేడు ఫొటో రాలేదు. ఫోన్ చేస్తే, చెట్టు కొట్టేసిండ్రు అన్నా, రాయి మాత్రం ఉంది, మట్టి కప్పింది, తీసి పంపుతా అన్నడు. నాలుగు రోజులకి వచ్చింది.